పెళ్లికి ముందు పీల్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 26 ఏళ్లు, చామనఛాయ. మొటిమలు తగ్గాయి గానీ బుగ్గల మీద నల్ల మచ్చలూ, అక్కడక్కడా గుంటలూ ఉండిపోయాయి. ఇంకో నాలుగు నెలల్లో పెళ్లి. మా వీధి పార్లర్ ఆవిడ కెమికల్ పీల్ చేస్తా, రంగు కూడా తేలతావు అంటోంది. మా కజిన్ ఏమో ఆన్‌లైన్‌లో 30 శాతం గ్లైకాలిక్ యాసిడ్ పీల్ బాటిల్ తెప్పిస్తా, ఇంట్లోనే పెట్టేసుకో అంటోంది. ఏది మంచిది?
- ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఆ రంగు మాట పక్కన పెట్టు, పీల్ అంటే యాసిడ్‌తో చర్మం పైపొర ఊడేలా చెయ్యడం, కింద నుంచి వచ్చేదీ నీ రంగు చర్మమే, మచ్చ లేతపడుతుంది అంతే. మచ్చలకి ఎక్కువగా వాడేది గ్లైకాలిక్ యాసిడ్, మీ ఊరికి బాగా తెలిసిన చెరకులో కూడా ఉంటుంది అది. మొటిమలు ఇంకా వస్తుంటే సాలిసిలిక్. గుంటలు మాత్రం ఈ తేలికపాటి పీల్స్‌కి పోవు, ఎవరన్నా పోతాయంటే నమ్మకు.

ఇంక ఆ బాటిల్ సంగతి. గ్లైకాలిక్ మనం ఆపేదాకా పని చేస్తూనే ఉంటుంది, అందుకే మేం వాచీ పెట్టుకుని మొహం చూస్తూ, ఎర్రబడగానే వంటసోడా కలిపిన నీళ్లతో ఆపేస్తాం. బాత్రూమ్ అద్దం ముందు నువ్వొక్కదానివే ఉండి, ఫోన్ మోగిందని రెండు నిమిషాలు అటెళ్లావనుకో? మన చర్మం కాస్త కాలినా నల్లగా మచ్చ కట్టేస్తుంది, ఉన్న మచ్చ కోసం పోయి కొత్తది తెచ్చుకున్నట్టు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2024లో ఇలాంటి గాఢమైన పీల్స్ ఇంట్లో సొంతంగా వాడొద్దని హెచ్చరించింది.

నీకు టైం ఉంది. ముందు రెండు నుంచి నాలుగు వారాలు డాక్టర్ ఇచ్చిన క్రీమూ, సన్‌స్క్రీనూ వాడాలి, తర్వాత రెండు మూడు వారాలకొకటి చొప్పున నాలుగైదు సిట్టింగులు. ఆఖరిది పెళ్లికి నెల ముందే అయిపోవాలి. ప్రతి సిట్టింగుకీ వారం ముందు నుంచీ మొహానికి బ్లీచ్, వ్యాక్సింగ్, త్రెడింగ్ బంద్. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నా, మెడికల్ షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీమ్ రాస్తున్నా దాచకుండా చెప్పు.

పీల్ అయ్యాక మూడో రోజుకి మూతి పక్కన ఉల్లిపొరలా లేస్తుంది, చెయ్యి ఊరుకోదు, కానీ లాగావంటే అక్కడే మచ్చ. ఆ వారంలో అమ్మమ్మో పెద్దమ్మో నలుగుపిండి పట్టుకొస్తే చేతులకీ కాళ్లకీ పెట్టించుకో, మొహం జోలికి రావొద్దని చెప్పు.