స్మాల్ బ్లైండ్‌లో పిక్కలు పోగొట్టుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ, పాలకొల్లులో మీ అరుగు మీద చింతపిక్కలతో పోకర్ ఆడుతూ, బటన్ మీదున్న (పంచేవాడి స్థానంలో ఉన్న) మీ బావ పందెం 250కి పెంచితే (రైజ్), స్మాల్ బ్లైండ్‌లో, అంటే ముక్కలు చూడకముందే 50 పిక్కలు పెట్టాల్సిన చోట కూర్చుని, ఆఠీను రాజు, కళావరు తొమ్మిదితో అంతకంతా వేసి (కాల్) పోగొట్టుకున్నానన్నావు. అది ఫోల్డే, అంటే ముక్కలు పారేసి తప్పుకోవాల్సిందే.

"ఎలాగూ 50 పెట్టేశాను కదా" అన్న ఆలోచనే నిన్ను ముంచుతోంది. పెట్టాక ఆ 50 పాట్‌దే, మధ్యలో పోగైన పందెం కుప్పదే. నువ్వు ఇంకో 200 వేయాలి, నీ వెనక బిగ్ బ్లైండ్ (ముందే 100 పెట్టినవాడు) ఇంకా మాట్లాడలేదు, పైగా ఫ్లాప్ (అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) పడిన దగ్గర్నుంచీ ప్రతిసారీ ముందు నువ్వే నోరు విప్పాలి. అక్కడ కాల్ చేయడం దాదాపు మానెయ్. రీ-రైజో (బావ మీద ఇంకా పెంచడమో), ఫోల్డో.

రీ-రైజ్ 1000 దాకా ఉండాలి. పెద్ద జతలు, ఆసు-రాజు సరే. ఆసు, అయిదు రెండూ ఇస్పేటే అయితే వాటితోనూ అప్పుడప్పుడు కొట్టు. నీ చేతిలో ఒక ఆసు ఉంటే అవతలివాడికి ఆసుల జత పడే దారులు 6 నుంచి 3కి తగ్గుతాయి. బావ మళ్లీ పెంచాడా, మొహమాటం లేకుండా పారేయ్.

అమలాపురంలో మా మావయ్య ఉన్నారు. రీ-రైజ్ చూడగానే పిక్కలు అరచేతిలో గలగలలాడించి, చివరికి వేసేస్తారు. అలాంటివాళ్ల మీద ఆ ఆసు-అయిదు బెదిరింపు పనిచేయదు, పెద్ద ముక్కలతోనే కొట్టాలి. మీ బావ ఏ రకమో ముందు చూసుకో.

బిగ్ బ్లైండ్ లెక్క వేరు. అక్కడ నువ్వుండి, స్మాల్ బ్లైండ్ తప్పుకుంటే, 150 వేసి 400 (బావ 250, నీ 100, స్మాల్ బ్లైండ్ 50) కోసం ఆడుతున్నావు, 27 శాతం (550లో 150) గెలుపు చాలు. అక్కడ కాల్ ధైర్యంగా చెయ్యి.