ఆ నల్ల టేపు ఎందుకు తీశావు?

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మడుకి మామయ్య ఆశీస్సులు.

నా పాత లెన్సును నీ కొత్త అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాకు తగిలించి తీసి, నువ్వు పంపిన ఫొటోలన్నీ టాబ్లెట్‌లో పెద్దవి చేసుకుని చూశాను. పక్షుల సంగతి తరవాత. కెమెరాను బల్ల మీద పెట్టి ఒక ఫొటో తీశావు చూడు, నా కన్ను దాని మీదే ఆగింది. లెన్సు పక్కనున్న చిన్న మీట మీద నేను అంటించిన నల్ల టేపు లేదు. పాత జిగురు మురికి అనుకుని గీకేసి ఉంటావు. పదింటిలో ఏడు మసకగా వస్తున్నాయని రాశావు కదా, అందులో సగం పాపం ఆ మీటదే.

ఆ 400 ఎంఎం కానన్ లెన్సు 1993లో బజారులోకి వచ్చిన రకం. ఆ మీటకు రెండు స్థానాలు. ఒకటి 3.5 మీటర్ల నుంచి అనంతం దాకా, రెండోది 8.5 మీటర్ల నుంచి అనంతం దాకా. మొదటి దాంట్లో ఉంచితే, ఫోకస్ ఒక్కసారి జారిందంటే లెన్సు 3.5 మీటర్ల దాకా వెళ్లి వెతికి, అక్కడ ఏమీ లేదని తెలుసుకుని వెనక్కి వస్తుంది. అది వచ్చేసరికి నీ పిట్ట వేళచ్చేరి దాటి ఉంటుంది. పళ్లికరణై చిత్తడి నేల పక్కన రోడ్డు మీద నిలబడిన మనిషికి 8.5 మీటర్ల లోపలికి ఏ పక్షి వస్తుంది? సంచిలో పెట్టి తీసేటప్పుడు మీట రెండో స్థానం నుంచి జారిపోతోందనే ఆ టేపు వేశాను.

ఇక నువ్వు అడిగిన ప్రశ్న. దీన్ని అమ్మేసి, అప్పు చేసి కొత్త లెన్సు కొనాలా? ఇప్పుడే వద్దు. నీ దగ్గరున్న జోడీలో చూపు కొత్తది, కాళ్లు పాతవి. పక్షి ఎక్కడుందో, దాని కన్ను ఎక్కడుందో కనిపెట్టేది కెమెరా. ఆ పని ఏ లెన్సు తగిలించినా ఒకేలా చేస్తుంది. అక్కడికి పరుగెత్తవలసింది మాత్రం లెన్సులోని మోటారు. దానికి ముప్ఫై ఏళ్ల కిందటి వేగమే ఉంది.

ఒక లాభం కూడా ఉంది, ఇది నాకే ఆశ్చర్యం. మా అద్దం కెమెరాల్లో ఫోకస్ కొలిచే పరికరం అద్దం కింద విడిగా ఉండేది. దానికీ అసలు బొమ్మ పడే చోటుకీ వెంట్రుకవాసి తేడా వచ్చినా కన్ను బదులు ముక్కు స్పష్టంగా పడేది. ఒక్కో లెన్సుకు ఒక్కో దిద్దుబాటు చేసుకునేవాళ్లం. నీ కెమెరాలో బొమ్మ పడే సెన్సరే కొలుస్తుంది కాబట్టి ఆ తగవు లేదు. మా అబ్బాయి అద్దమున్న డిజిటల్ కెమెరాతో నాకు దొరకని ఖచ్చితత్వం అదే లెన్సుతో నీకు దొరుకుతుంది.

మధ్యలో తగిలించిన అడాప్టర్ గురించి భయపడకు. పాత మౌంటుకు, అంటే లెన్సు తగిలించే చోటుకు, సెన్సర్ 44 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, కొత్తదానికి 20. ఆ 24 మిల్లీమీటర్ల ఖాళీ నింపే గొట్టం అది, లోపల గాజు లేదు. తగిలించాక అటూ ఇటూ ఆడకుండా ఉంటే చాలు. నీ పక్క సీటు స్నేహితుడిది నికాన్ అన్నావు. కెమెరాలోని మోటారుతో తిరిగే పాత రకం లెన్సులు నికాన్ వాళ్ల ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద వాటంతట అవి ఫోకస్ చేయవని చెప్పు. లోపలే మోటారున్న ఏఎఫ్-ఎస్ రకం చూసుకోమను.

ఇప్పుడు అసలు విద్య. 1995 డిసెంబరులో మద్రాసులో దక్షిణాసియా క్రీడలు జరిగాయి. అప్పుడు నా చేతిలో ఉన్నది చేత్తో తిప్పే లెన్సు, రీలుకు 36 బొమ్మలు. హర్డిల్స్ పరుగును వెంబడించి ఫోకస్ తిప్పడం నా వల్ల కాదని మొదటి హీట్‌లోనే తేలిపోయింది. రెండో హీట్ నుంచి ఒక హర్డిల్ పట్టీ మీద ఫోకస్ పెట్టి, రింగు వదిలేసి కూర్చున్నాను. మనిషి అక్కడికి రావాలిగా, వచ్చాడు. నేను చేయవలసిందల్లా వేలు నొక్కడం.

అదే పని నువ్వు లకుముకి పిట్ట దగ్గర చెయ్యి. నల్లా తెలుపూ మచ్చలది, నీళ్ల మీద గాలిలో ఒకేచోట నిలబడి రెక్కలు కొట్టుకుంటుందే, అది. తల కదలదు, ముక్కు కిందికి గురి పెట్టి ఉంటుంది, రెక్కలు మాత్రం మసక మసకగా ఆడుతుంటాయి. ఆ నాలుగైదు సెకన్లూ నీవి. అప్పుడే ఫోకస్ బిగించుకో. రెక్కలు దగ్గరికి ముడిచిందంటే దూకబోతోందని గుర్తు, వెంటనే నొక్కు. అది తిన్నగా కిందికి పడుతుంది కాబట్టి నీకూ దానికీ మధ్య దూరం పెద్దగా మారదు. పాత మోటారుకు పని తగ్గింది చూశావా? నీకు అడ్డంగా ఎగిరే పక్షి కూడా అంతే. ముఖం మీదికి దూసుకొచ్చే గద్దను ఇంకా పట్టుకోబోకు, ఆ లెన్సు అందుకోలేదు. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి. నువ్వు అక్కడికి వెళ్లగానే గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, అవి నీకు అడ్డంగా లేచే చోట నిలబడు.

ఇంకో చిక్కు. బొమ్మ పూర్తిగా మసకబారి ఉంటే నీ కెమెరాకు పక్షే కనిపించదు, వెనకనున్న తుంగను పట్టుకుంటుంది. బటన్ నొక్కే ముందు రింగును చేత్తో తిప్పి సుమారు దూరానికి తీసుకురా. ఈ లెన్సులో ఆటోఫోకస్ ఆపకుండానే రింగు తిప్పవచ్చు. ఫోకస్ దొరకనప్పుడు లెన్సు వెతుకుతూ ఉండాలా, ఆగిపోవాలా అని మెనూలో ఒక చోట అడుగుతుంది. ఆగిపొమ్మను.

షట్టర్ వేగం పెద్ద పక్షులకు 1/1000, లకుముకికి 1/2000 తగ్గకుండా ఉంచు. ఐఎస్ఓ, అంటే వెలుతురు తక్కువైతే సెన్సర్ సంకేతాన్ని పెంచే అంకె, పెరిగితే పెరగనీ. గరుకు బొమ్మను క్షమిస్తారు, కదిలిన బొమ్మను ఎవరూ క్షమించరు. ఈ లెన్సులో కుదుపు ఆపే ఏర్పాటు లేదు. కెమెరాలో ఉన్నది వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడగా కనిపించడానికి సాయపడుతుంది గానీ, అది నీ చేతి వణుకును ఆపుతుంది, పక్షి రెక్కను ఆపదు.

శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడావని నీ మూడో ఫొటో చెబుతోంది. రెక్క అరటాకులా వంగింది. ఆ షట్టర్ బొమ్మను వరుస వరుసగా చదువుతుంది, చదవడం పూర్తయ్యేలోగా రెక్క కదిలిపోతుంది. మెకానికల్ పెట్టుకో. సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య తగ్గినా ఫరవాలేదు. పాత లెన్సు తగిలిస్తే, బ్యాటరీ దిగితే అది ఎలాగూ తగ్గుతుంది.

పొద్దున తొమ్మిది దాటాక తీసినవన్నీ తుడిచెయ్యి. నీళ్ల మీద ఎండ కాగితే గాలి అలలు అలలుగా లేస్తుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు, లక్షలు పోసినదైనా సరే. నీ కెమెరాలోని 32.5 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఆ అలల్ని కూడా శ్రద్ధగా చూపిస్తుంది.

పట్టుకునేటప్పుడు ఎడమ అరచెయ్యి లెన్సు కింద ఉండాలి. బరువు 1,250 గ్రాములు, నీ కెమెరాకు రెట్టింపు. పట్టీ కెమెరాకు కాకుండా లెన్సు చుట్టూ ఉండే పట్టుకు, అదే కాలర్‌కు కట్టు, లేకపోతే ఆ బరువంతా మౌంటు మీద పడుతుంది.

నా తప్పు ఒకటి చెబుతాను, అత్తయ్యతో అనకు, ఆవిడకు తెలిసిందే అయినా. ఒక ఐప్పసి (తమిళ నెల, అక్టోబరు-నవంబరు) వానల్లో ఇంకో లెన్సును తోలు పెట్టెలో పెట్టి రెండు నెలలు మరిచిపోయాను. తీసేసరికి గాజు మీద సాలెగూడులా బూజు. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. నీ గది సముద్రానికి దగ్గర, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు. నెలకోసారి టార్చి వేసి లోపలికి చూడు.

ఆదివారం పొద్దున ఆరింటికి పళ్లికరణై రేడియల్ రోడ్డు పక్కకు వస్తాను. లెన్సు ఆనించుకోవడానికి కిలో పెసలు పోసి కుట్టిన సంచీ తెస్తాను. నల్ల టేపు కూడా.

మీ మామయ్య