లింక్డ్‌ఇన్‌లో మీ పని కనబడేదెలా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లింక్డ్‌ఇన్‌లో ఖాతా తెరిచి ఏడాది దాటింది. కనబడిన వారందరికీ కనెక్షన్ రిక్వెస్టులు పంపాను, స్ఫూర్తినిచ్చే సూక్తులు పోస్ట్ చేశాను. ఒక్క ఇంటర్వ్యూ పిలుపూ రాలేదు. పర్సనల్ బ్రాండ్ ఉన్నవారికే అవకాశాలు వస్తాయని మిత్రులు అంటున్నారు. నా గురించి నేను గొప్పగా చెప్పుకోవాలంటే నాకు మొహమాటం. ఏం చేయమంటారు?

జవాబు: మీ మొహమాటం ఇక్కడ పెద్ద అడ్డంకి కాదు. మీ ప్రొఫైల్ తెరిచిన వ్యక్తికి మీరు ఏ పని చేయగలరో తెలియకపోవడమే అసలు సమస్య. పర్సనల్ బ్రాండ్ అనగానే ఫాలోవర్ల సంఖ్య గుర్తుకొస్తుంది గానీ, ఉద్యోగం వెతుక్కుంటున్న విద్యార్థికి దానితో పెద్దగా పని లేదు. ఒక నిర్దిష్టమైన పని ఎవరికి అప్పగించవచ్చునని ఆలోచించే వారికి మీ పేరు తట్టాలి. తట్టిన తరువాత వెతికి చూస్తే అందుకు తగిన ఆధారం దొరకాలి. ఇంతకు మించిన బ్రాండ్ మీకు ఇప్పట్లో అవసరం లేదు.

ముందుగా హెడ్‌లైన్ సంగతి చూద్దాం. రిక్రూటర్లు హోదా, నైపుణ్యం, ప్రాంతం వంటి వడపోతలతో అభ్యర్థుల కోసం వెతుకుతారు కాబట్టి, వారు టైప్ చేసే మాటలు మీ ప్రొఫైల్‌లో లేకపోతే మీరు ఎంత సమర్థులైనా ఆ జాబితాలోకి రావడం కష్టం. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటు ఉంటుంది. చాలామంది విద్యార్థులు అందులో ‘యాస్పైరింగ్ ఇంజనీర్, టెక్నాలజీ ప్రేమికుడు, నిత్య విద్యార్థి’ అని రాసుకుంటారు. ఈ మాటల కోసం వెతికే రిక్రూటర్ ఉండరు. దానికి బదులు ‘కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం, పైథాన్, ఎస్‌క్యూఎల్‌తో డేటా విశ్లేషణ, లైబ్రరీ రికార్డులపై ప్రాజెక్టు’ అని రాస్తే, చదివిన వారికి మీరు ఎవరో, ఏం చేశారో ఒక్క చూపులో అర్థమవుతుంది. అబౌట్ భాగంలో 2,600 అక్షరాల వరకు రాయవచ్చు గానీ, మొదట కనబడేవి రెండు మూడు పంక్తులే. ముఖ్యమైన విషయం అక్కడే రావాలి.

తరువాతది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రాజెక్టును వివరించే తీరు. ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం రూపొందించాను’ అనే వాక్యం వేలాది ప్రొఫైళ్లలో అచ్చు గుద్దినట్టు కనబడుతుంది. అదే ప్రాజెక్టులో మీకు ఎదురైన చిక్కు గురించి రాయండి. ఉదాహరణకు ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తించడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య 2007 జనవరికి ముందు 10 అంకెలుగా ఉండేది, అప్పటి నుంచి 13 అంకెలైంది. ఒకే పుస్తకాన్ని ఒకరు పాత సంఖ్యతో, మరొకరు కొత్త సంఖ్యతో నమోదు చేసి ఉంటే మీ ప్రోగ్రాం దాన్ని రెండు పుస్తకాలుగా లెక్కిస్తుంది. దానిని ఎలా గుర్తించారు, పాత సంఖ్యలను కొత్త రూపంలోకి ఎలా మార్చారు, అసలు సంఖ్యే లేని పాత పుస్తకాలను ఏం చేశారు అన్నది పది వాక్యాలలో రాసి, కోడ్‌ను దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉన్న మీ కోడ్‌కు లింకు జతచేస్తే, అది ఒక మంచి పోస్టవుతుంది. ఇందులో మిమ్మల్ని మీరు పొగుడుకున్న మాట ఒక్కటీ లేదు. మొహమాటపడే వారికి ఇంతకన్నా అనువైన పద్ధతి నాకు తెలియదు. రేపు ఇంటర్వ్యూలోనూ దీని గురించే అడుగుతారు, మీరు తడుముకోకుండా చెప్పగలుగుతారు. కృత్రిమ మేధతో రాయించిన పోస్టుకు ఆ భరోసా ఉండదు. ఇక సూక్తుల విషయానికి వస్తే, వాటిని మానేయడం వల్ల మీరు కోల్పోయేది ఏమీ లేదు.

కనెక్షన్ల విషయంలో పరిశోధకులు చెప్పిన మాట ఒకటి మీకు పనికివస్తుంది. పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించిన వారిలో ఎక్కువమందికి ఆ సమాచారం ఆప్తమిత్రుల నుంచి గాక, అప్పుడప్పుడు మాత్రమే కలిసే వారి నుంచి అందిందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో చూపించారు. మన దగ్గరివారికి తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి; కొత్త కబురు వేరే వలయం నుంచే రావాలి. సుమారు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ సభ్యులపై జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఉద్యోగ మార్పుకు ఎక్కువగా తోడ్పడినవి మరీ సన్నిహితం కాని, అలాగని మరీ పలుచన కాని పరిచయాలేనని అవి తేల్చాయి. అందుచేత ముక్కూ మొహం తెలియని వందలమందికి రిక్వెస్టులు పంపడం కన్నా, మీ సీనియర్లు, ఇంటర్న్‌షిప్‌లో కలిసి పనిచేసినవారు, మీ విభాగానికి వచ్చి ప్రసంగించినవారు వంటి వారితో మొదలుపెట్టడం మేలు. రిక్వెస్టుతో పాటు చిన్న సందేశం జతచేయండి: ‘డేటాబేస్‌లో వెతుకులాటను వేగవంతం చేసే ఇండెక్సింగ్‌పై మీ ప్రసంగం విన్నాను. నా ప్రాజెక్టులో ప్రయత్నిస్తే క్వెరీలు వేగంగా వచ్చాయి గానీ, కొత్త రికార్డులు చేర్చడం నెమ్మదించింది. దీనిపై మీ అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.’ మొదటి సందేశంలోనే ఉద్యోగం అడిగితే అవతలివారికి జవాబు చెప్పడం ఇబ్బంది. ఇలాంటి ప్రశ్నకైతే సులువు.

సొంతంగా పోస్ట్ చేయడానికి ధైర్యం చాలని రోజుల్లో ఇతరుల పోస్టుల కింద వ్యాఖ్య రాయండి. ‘చాలా బాగుంది సార్’ అన్నది లెక్కలోకి రాదు. ఒక ప్రశ్నో, ఒక సవరణో, మీ అనుభవంలోని ఒక వివరమో ఉండాలి. ఒకరి పోస్టులను ఒకరు లైక్ చేసుకునే బృందాలలో మాత్రం చేరకండి. అవి అంకెలను పెంచుతాయి తప్ప, మీకు పని ఇవ్వగలిగిన వారి దృష్టికి మిమ్మల్ని తీసుకుపోవు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌లో చూసిన సంస్థ అంతర్గత సమాచారాన్ని, కోడ్‌ను బయట పెట్టకూడదు. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అందరికీ కనబడేలా ఉంచనవసరం లేదు. ఉద్యోగం ఇస్తామంటూ ముందుగా రుసుము అడిగేవారు ఎంత పెద్ద సంస్థ పేరు చెప్పినా సంభాషణ అక్కడితో ఆపివేయండి.

చివరగా, ఉద్యోగం వెతుకుతున్నామని తెలియజేసే ‘ఓపెన్ టు వర్క్’ అనే సదుపాయం గురించి. దీనిని రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు, లేదా ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రంతో అందరికీ కనబడేలా పెట్టుకోవచ్చు. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి మారాలనుకునేవారు రెండోదానికి వెనుకాడటంలో అర్థముంది. విద్యార్థిగా మీరు దాచవలసినది ఏమీ లేదు. అయితే హెడ్‌లైన్‌ను, ప్రాజెక్టు వివరాలను సరిదిద్దిన తరువాతే దానిని ఆన్ చేయండి.