అమ్మాయి స్పోర్ట్స్ పాస్ కొంటానంటోంది, ఏం చెప్పను?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అమ్మాయికి అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఎంఎస్ సీటు వచ్చింది, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో. ఆగస్టులో ప్రయాణం. బ్యాంకు లోను తీసుకుని పంపుతున్నాం. అక్కడి కాలేజీ ఆటలు చూడ్డానికి ఏడాదికి సరిపడా స్పోర్ట్స్ పాస్ ఉంటుందట, దగ్గర దగ్గర 300 డాలర్లట, కొంటానంటోంది. ఆ ఆట ఏమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. చదువుకోమని పంపుతుంటే ఈ ఖర్చు అవసరమా? వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. సరేనందామంటే మనసొప్పడం లేదు. సలహా ఇవ్వగలరు. – ఒక తండ్రి

జవాబు: నమస్కారం అండీ. ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కొననివ్వండి. ఈ మొదటి ఏడాదికి మాత్రమే. లోను డబ్బులోంచి మాత్రం వద్దు.

ఏడెనిమిదేళ్ల కిందటైతే నేను కూడా వద్దనే చెప్పేవాణ్ణి. అప్పట్లో నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకి అలాగే చెప్పాను కూడా. ఆ పిల్లలు వెళ్లి, చదివి, ఉద్యోగాలు వెతుక్కుని, తిరిగొచ్చి నాతో మాట్లాడాక నా అభిప్రాయం మారింది.

మీ అమ్మాయి చూస్తానంటున్నది అమెరికన్ ఫుట్‌బాల్. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్. 2020 లెక్కల ప్రకారం ఆ ఊరి జనాభా సుమారు లక్షా ఇరవై వేలు. యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో పట్టే జనం 1,02,733 మంది. అంటే మ్యాచ్ ఉన్న శనివారం దాదాపు ఇంకో ఊరంత జనం వచ్చి పడతారు. మన దగ్గర కాలేజీ జట్టు ఆడితే చూసేది ఆ కాలేజీ పిల్లలే. అక్కడ ముప్పై ఏళ్ల కిందట చదువు ముగించినవాళ్లు కూడా మనవల్ని వెంటబెట్టుకుని వస్తారు. సీజన్ సెప్టెంబరు నుంచి నవంబరు చివరి దాకా. పన్నెండు మ్యాచుల్లో ఆరో ఏడో సొంతూళ్లో ఉంటాయి.

ఇంకో సంగతి కూడా తెలిస్తే మీ అమ్మాయి ఎందుకంత ఉత్సాహపడుతోందో మీకు అర్థమవుతుంది. 1922 జనవరి 2న డాలస్‌లో ఈ కాలేజీ జట్టు సెంటర్ కాలేజీతో ఆడుతోంది. ఆటగాళ్లు ఒక్కొక్కరే దెబ్బలు తగిలి బయటికి వచ్చేస్తున్నారు. కోచ్ డానా బైబిల్, ప్రేక్షకుల్లో ఉన్న ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థిని కిందికి పిలిపించారు. అతను జెర్సీ వేసుకుని, అవసరమైతే దిగడానికి సిద్ధంగా మైదానం పక్కన నిలబడ్డాడు. చివరికి అతను దిగాల్సిన పని పడలేదు, జట్టు 22–14తో గెలిచింది. జట్టులో ఆడేది పదకొండు మంది కాబట్టి విద్యార్థులందరినీ పన్నెండో ఆటగాడు అని పిలుచుకుంటారు. అందుకే ఈరోజుకీ ఆ స్టేడియంలో విద్యార్థులు మ్యాచ్ జరిగినంతసేపూ కూర్చోరు. మూడున్నర గంటలు నిలబడే చూస్తారు. (మీ అమ్మాయికి మంచి బూట్లు కొనివ్వండి. సెప్టెంబరులో అక్కడి ఎండ మన పల్నాడు ఎండకి ఏమీ తీసిపోదు.)

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఆటను చూసి సరేనడం లేదండీ. ఎంఎస్‌కి వెళ్లే మన పిల్లల్లో నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఒకటుంది. నలుగురు తెలుగువాళ్లు కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. క్లాసులో తెలుగువాళ్లే, గ్రూప్ ప్రాజెక్టులో తెలుగువాళ్లే, సాయంత్రం వంటలో వంతులు, రాత్రికి ఇంటికి వీడియో కాల్. కొత్త దేశంలో అది పెద్ద ఆసరా, నేను కాదనను. కానీ రెండేళ్లూ అలాగే గడిచిపోతే, ఇంటర్వ్యూలో ఒక అమెరికన్ ఎదురుగా కూర్చుని రెండు నిమిషాలు పిచ్చాపాటీ మాట్లాడేసరికి గొంతు పెగలదు. సబ్జెక్టు వస్తుంది, మాటే రాదు. నా దగ్గర కౌన్సెలింగ్ తీసుకున్న ఒక అబ్బాయి ఇదే చెప్పి బాధపడ్డాడు. "సార్, ఆయన మా కాలేజీ పూర్వ విద్యార్థే. మొన్న మ్యాచ్ చూశావా అని అడిగాడు. లేదన్నాను. అంతే, ఇంక మాట ముందుకి సాగలేదు" అన్నాడు.

ఇంకో అబ్బాయి వేరే యూనివర్సిటీలో చదివాడు. మొదటి మ్యాచ్‌కి ల్యాబ్‌మేట్ లాక్కెళ్లాడట. ఏం జరుగుతోందో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. పక్కనున్న ల్యాబ్‌మేట్ నాచోస్ పెట్టిన కాగితం ట్రే వెనక్కి తిప్పి, పెన్నుతో గీతలు గీసి చెప్పాడట: నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి జరగాలి, జరిగితే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. మనవాడు వెంటనే, "అంటే ఓవర్‌కి ఇన్ని పరుగులు అని టార్గెట్ పెట్టుకున్నట్టు" అన్నాడు. ఆ మాట మీద ఇద్దరూ హాఫ్ టైమ్ అంతా క్రికెట్ గురించి మాట్లాడుకున్నారు. రెండో సెమిస్టర్‌లో ఆ ల్యాబ్‌మేటే తను ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీకి మనవాడి రెజ్యూమె పంపాడు. రెజ్యూమె పంపినంత మాత్రాన ఉద్యోగం రాదు, ఇంటర్వ్యూ మనవాడే నెగ్గాడు. కానీ ఇంటర్వ్యూ దాకా వెళ్లాలంటే ముందు ఎవరో ఒకరికి మనం తెలియాలి కదండీ.

టెక్సాస్ ఏ అండ్ ఎం లో ఇది మరీ ఎక్కువ. అక్కడ చదివినవాళ్లు తమని ఆగీలు అనుకుంటారు, వేలికి కాలేజీ ఉంగరం పెట్టుకుంటారు, ఏ ఊళ్లో కలిసినా "హౌడీ" అని పలకరించుకుంటారు. హ్యూస్టన్, డాలస్ కంపెనీల్లో వాళ్లు చాలామంది ఉన్నారు. మీ అమ్మాయి చదివే ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కి పనికొచ్చే కంపెనీలూ ఆ రెండు ఊళ్లలో బాగా ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. 300 డాలర్లంటే, డాలర్ తొంభై అనుకుంటే, 27,000 రూపాయలు. దాన్ని 11 శాతం వడ్డీ లోనులో కలిపేస్తే పదేళ్ల పాటు ఈఎంఐలో నెలకి సుమారు 370 రూపాయలు. మొత్తం కట్టేది 44,600 దాటుతుంది, చదువు కాలంలో పెరిగే వడ్డీ కలపకుండానే. మూడు నెలల ఆటకి పదేళ్లు వడ్డీ కట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. లోను డబ్బు వద్దన్నది అందుకే.

మరి ఎక్కడి నుంచి తేవాలి? క్యాంపస్‌లో పార్ట్ టైమ్ పని దొరికితే, గంటకి 12 డాలర్లు వస్తాయనుకుంటే, 25 గంటల పని. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటల వరకే చేయనిస్తారు కాబట్టి రెండు వారాల లోపు సంపాదన. అయితే మొదటి సెమిస్టర్‌లో పని దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను, చాలామందికి దొరకదు. అందుకని ఇంకో దారి చెబుతాను. అమ్మాయిని పంపేటప్పుడు మనవాళ్లు షాపింగ్‌కి, భోజనాలకి పెట్టే ఖర్చు మీకు తెలియనిది కాదు. అందులో పాతిక వేలు తగ్గించి, ఆ డబ్బు ఆమెకి చేబదులుగా ఇవ్వండి. పని దొరికాక తిరిగి ఇవ్వాలని చెప్పే ఇవ్వండి. తన డబ్బుతో కొన్న పాస్‌ని పిల్లలు వృథా చేయరు.

డబ్బు కంటే సమయం గురించే నాకు ఎక్కువ టెన్షన్. ఒక మ్యాచ్‌కి వెళ్లిరావడం, నిలబడడం, తిరిగొచ్చి కాస్త సేద తీరడం కలిపితే ఆరు గంటలు. ఏడు మ్యాచులంటే 42 గంటలు. పైగా మ్యాచ్ పొద్దున పదకొండుకి మొదలవుతుందా, మధ్యాహ్నమా, రాత్రా అన్నది టీవీవాళ్లు నిర్ణయిస్తారు. కొన్ని మ్యాచులకి కచ్చితమైన సమయం వారం, పన్నెండు రోజుల ముందు గానీ తెలియదు. శనివారం షిఫ్ట్ ఒప్పుకున్న పిల్లలు అక్కడే చిక్కుల్లో పడతారు. ఉద్యోగాలిచ్చే కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి పిల్లల్ని కలిసే ఇంజినీరింగ్ కెరీర్ ఫెయిర్ సెప్టెంబరులోనే వస్తుంది. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకి అప్లికేషన్లు ఆగస్టు–అక్టోబరు మధ్యే జోరుగా ఉంటాయి. ఇవన్నీ సరిగ్గా ఫుట్‌బాల్ సీజన్‌లోనే. అందుకని ఏడు మ్యాచులూ చూడాలని పట్టుబట్టవద్దని చెప్పండి. నాలుగు చూస్తే చాలు. పెద్ద మ్యాచ్‌కి బయట విడిగా టికెట్ కొంటే ఒక్కదానికే వంద డాలర్లు దాటిపోతుంది, కాబట్టి నాలుగు చూసినా పాస్ గిట్టుబాటే. ఒకటో రెండో చూస్తాననుకుంటే పాస్ అక్కర్లేదు, చిన్న జట్టుతో ఆడే మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుంటే సరి.

రెండో ఏడాది ఎందుకు వద్దంటున్నానంటే, ఎంఎస్ రెండేళ్లలో ఫుట్‌బాల్ సీజన్లు వచ్చేది రెండు. రెండోది సరిగ్గా ఫుల్ టైమ్ ఉద్యోగం వెతుక్కునే సమయం. అప్పటికి మనుషులు పరిచయమై ఉంటారు కూడా. ఆ సంవత్సరం టీవీలో చూసినా నష్టం లేదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. పాస్ కొన్నంత మాత్రాన సీటు చేతికి రాదు, ప్రతి మ్యాచ్‌కీ ఆ వారంలో టికెట్ విడిగా తీసుకోవాలి. అక్కడ దాన్ని టికెట్ పుల్ అంటారు. డిగ్రీ చివరి ఏడాది పిల్లలకీ, ఎంఎస్ లాంటి గ్రాడ్యుయేట్ విద్యార్థులకీ మిగతావాళ్ల కంటే ముందే ఇస్తారు కాబట్టి మీ అమ్మాయికి అది కలిసొచ్చే విషయమే. స్టేడియంలోకి మామూలు బ్యాగు తీసుకెళ్లనివ్వరు, లోపల ఏముందో కనపడే ప్లాస్టిక్ బ్యాగే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పాస్‌ని యూనివర్సిటీ చెప్పే అధికారిక వెబ్‌సైట్‌లోనే కొనాలి. వాట్సాప్ గ్రూపుల్లో "నా పాస్ సగం ధరకి ఇస్తా, జెల్‌లో డబ్బు పంపు" అనేవాళ్లు తగులుతారు. జెల్ అంటే అక్కడ మన ఫోన్‌పే లాంటిది, అందులో మనంతట మనం పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. పాస్ విద్యార్థి పేరు మీద ఉంటుంది, మీరు చూడ్డానికి వెళ్లినప్పుడు దాని మీద మిమ్మల్ని నేరుగా లోపలికి పంపరు.

ఫుట్‌బాల్ లేకుండా మిగతా ఆటలకి తక్కువ ధరలో పాస్ ఇస్తున్నారేమో కూడా చూడమనండి. వాళ్ల బేస్‌బాల్ జట్టు 2024లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లి టెన్నెసీ చేతిలో ఓడింది. బ్యాటు, బంతి ఉన్న ఆట కాబట్టి మనవాళ్లకి త్వరగా అర్థమవుతుంది. సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది, అప్పటికి అమ్మాయి కాస్త కుదురుకుని ఉంటుంది.

ఈ ప్రశ్న ఇతర తల్లిదండ్రులకీ వస్తుంది కాబట్టి ఒక్క ముక్క. అన్ని యూనివర్సిటీలకీ ఈ సలహా వర్తించదు. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) డాలస్‌లో ఫుట్‌బాల్ జట్టే లేదు. యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ మానేసింది. కొన్ని చోట్ల అథ్లెటిక్స్ ఫీజు సెమిస్టర్ ఫీజులోనే కలిసి ఉంటుంది, ఐడీ కార్డు చూపిస్తే చాలు. విడిగా పాస్ అనగానే డబ్బు కట్టకుండా ముందు ఫీజు బిల్లు ఒకసారి చదవండి.

చివరిగా, మీరు అమ్మాయితో మాట్లాడేటప్పుడు "ఆటలు చూడ్డానికా నిన్ను పంపేది" అన్న మాట మాత్రం అనకండి. ఆ మాట అన్నాక ఆమె ఖర్చులు చెప్పడం మానేస్తుంది, చెప్పకుండా చేయడం మొదలుపెడుతుంది. దానికి బదులు ఒక పని చెప్పండి. సొంతూళ్లో జరిగే మ్యాచ్ తేదీలు ఒక కాగితం మీద రాయమనండి. వాటి పక్కనే కెరీర్ ఫెయిర్ తేదీ రాయమనండి, మిడ్‌టర్మ్ తేదీలు ఇంకా తెలియకపోతే సీనియర్లని అడిగి ఏ వారంలో ఉంటాయో రాయమనండి. ఆ కాగితం ఫొటో తీసి మీకు వాట్సాప్‌లో పంపమనండి. అందులో నాలుగు శనివారాలు ఖాళీగా కనపడితే, పాస్ డబ్బు పంపించండి.