ఆదా లెక్కలో చేరని గంటలు

ప్రశ్న: మా ఇంటికి కావలసిన వస్తువులన్నీ నేనే కొంటాను. సబ్బుల దగ్గర నుంచి బాబు నోటు పుస్తకాల దాకా ప్రతిదానికీ నాలుగైదు యాప్‌లలో ధరలు చూసి, కూపన్లు వెతికి, క్యాష్‌బ్యాక్ వచ్చే రోజు చూసుకుని ఆర్డర్ పెడతాను. నాలుగేళ్ల క్రితం మా వారి ఉద్యోగం పోయినప్పుడు ఇలా చేసే ఇల్లు గట్టెక్కించాను. ఇప్పుడు ఆయనకు మంచి ఉద్యోగమే ఉంది కానీ, నా పద్ధతి చూస్తే చాలు విసుక్కుంటున్నారు. మొన్న నన్ను అడగకుండా షాంపూ కొనుక్కొచ్చారని గొడవపడి రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఒక రాత్రి ఆఫర్ ముగిసేలోగా ఆర్డర్ పెట్టాలన్న తొందరలో నేనుంటే, లెక్క చెప్పమని వచ్చిన తొమ్మిదేళ్ల బాబు ఎదురుచూసి ఎదురుచూసి పుస్తకం మీదే నిద్రపోయాడు. ఇదంతా వాళ్ల కోసమేనని వీళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

జవాబు: ఆదాయం ఆగిపోయిన ఇంటిని నెలల తరబడి నడపడం ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలుస్తుంది. ఆ రోజుల్లో మీరు మిగిల్చిన ప్రతి పైసాకూ ఇంట్లో ఒక పని ఉంది. ఆ కష్టాన్ని మీ వారు ఎప్పుడైనా నోరు తెరిచి మెచ్చుకున్నారో లేదో మీరు రాయలేదు. మెచ్చుకోకపోయి ఉంటే మాత్రం మీ బాధలో సగం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

అయితే మీరు అడిగిన ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉంది. అప్పుడు అవసరమైన పని ఇప్పుడూ అంతే అవసరమా? మిగిలిన సొమ్ము బిల్లు అడుగున అంకెగా కనిపిస్తుంది కనుక మీరు దాన్ని లెక్కపెట్టగలుగుతున్నారు. ఆ అంకె కోసం వెచ్చించిన సమయాన్ని ఏ బిల్లూ చూపించదు. ఒక్క షాంపూ సీసానే తీసుకోండి. యాప్‌లన్నీ తెరిచి చూడడం, పని చేయని కూపన్ నంబర్లను ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూడడం, డెలివరీ ఉచితం కావడానికి ఇంకొంత కొనాలంటే ఏం చేర్చాలా అని ఆలోచించడం, అలా చేర్చిన వస్తువు నచ్చక తిప్పి పంపడం, తీసుకువెళ్లే మనిషి కోసం ఇంట్లోనే ఉండిపోవడం, డబ్బు ఖాతాలో పడిందో లేదో వారం పాటు చూసుకోవడం, పాయింట్ల గడువు తీరిపోతుందని మరొకటి కొనడం. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద పని కాదు, అందుకే ఎవరి కంటికీ, చివరకు మీ కంటికి కూడా, పనిగా కనిపించదు. కానీ ఇవన్నీ కలిసి మీ సాయంత్రాన్ని తినేస్తున్నాయి.

ఇందులో మీ తప్పు ఎంతో, మనిషి మనస్సు తీరు ఎంతో కూడా తెలుసుకోవాలి. 1981లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. 15 డాలర్ల క్యాల్క్యులేటర్ మరో దుకాణంలో 10 డాలర్లకే దొరుకుతుంది, కానీ అక్కడికి కారులో 20 నిమిషాలు వెళ్లాలి, వెళతారా అని అడిగితే 68 శాతం మంది వెళతామన్నారు. అదే క్యాల్క్యులేటర్ 125 నుంచి 120 డాలర్లకు తగ్గిందని వేరే వారికి చెబితే 29 శాతం మందే వెళతామన్నారు. రెండు సందర్భాల్లోనూ మిగిలేది ఆ 5 డాలర్లే, పోయేది ఆ 20 నిమిషాలే. చిన్న ధర మీద తగ్గింపు మన కంటికి అసలు కంటే ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది కనుకనే, సబ్బు మీద సగం ధర తగ్గిందంటే ఆగలేము. రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త 1985లో దీనికి మరో కోణం చూపించారు. వస్తువు వల్ల కలిగే ఉపయోగం ఒకటి, బేరం బాగా కుదిరిందన్న తృప్తి వేరొకటి అని ఆయన అన్నారు. మీ వారు తెచ్చిన షాంపూతో తల శుభ్రపడుతుంది, కానీ మీకు దక్కవలసిన ఆ రెండో తృప్తి దక్కలేదు. రెండు రోజుల మౌనం దాని వల్ల వచ్చిందేమో, ఒకసారి నిదానంగా ఆలోచించండి.

ఇప్పుడు చేయగలిగినది చెబుతాను. రెండు వారాల పాటు ఒక కాగితం మీద, కొన్న ప్రతి వస్తువుకూ మిగిలిన సొమ్ము ఒక వైపు, పట్టిన నిమిషాలు మరో వైపు రాయండి. వెతికిన నిమిషాలతో పాటు తిప్పి పంపడానికీ, ఆ వస్తువు గురించి ఇంట్లో వాదించుకోవడానికీ పట్టినవి కూడా చేర్చాలి. ఉచిత డెలివరీ కోసం అదనంగా కొన్న వాటి ఖరీదును మిగిలిన సొమ్ములోంచి తీసివేయండి. అలమరలో ఇంకా సీలు విప్పని సబ్బులు, సీసాలు ఎన్ని ఉన్నాయో కూడా ఒకసారి చూడండి. ఈ కాగితం ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఆ తర్వాత ఆదా చేసే మీ నేర్పును వదిలేయకండి, చోటు మార్చండి. అప్పు మీద వడ్డీ, బీమా ప్రీమియం, ఫోను, ఇంటర్నెట్ ప్లాన్లు, కరెంటు ఎక్కువగా లాగే పాత యంత్రాలు వంటి వాటి మీద ఏడాదికి ఒకటి రెండు సార్లు కూర్చుని గట్టిగా వెతికితే, ఆ ఒక్క నిర్ణయం ప్రతి నెలా తనంతట తానే మిగులుస్తూ ఉంటుంది. రోజువారీ చిన్న వస్తువులకు మాత్రం ఒక్క చోటు ఎంచుకుని, ఇంతలోపు అయితే చాలని ప్రతిదానికీ ఒక ధర ముందే అనుకోండి. ఆ లోపు ఉంటే మరో చోట చూడకుండా కొనేయండి. అన్నిటికంటే మేలైనది దొరికేదాకా వెతకడం కాకుండా, మన అవసరానికి సరిపోయేది దొరకగానే ఆగడం అనే ఈ పద్ధతిని హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త 1956లోనే వివరించారు. అంతకంటే చవకైనది ఆ తర్వాత కంటపడినప్పుడు మనసు చివుక్కుమంటుంది కనుక, ఆఫర్ల నోటిఫికేషన్లు ఆపేసి, మిగిలిన యాప్‌లు ఫోన్‌లోంచి తీసేయడం మంచిది.

ఇక మీ వారి సంగతి. ఆయన విసుగు సరైనదని నేను అనను. మీరు ఇంత శ్రమపడుతుంటే పక్కన నిలబడి చిరాకుపడడం తేలిక. కానీ ఇంటి యజమాని తన ఇంటికి షాంపూ సీసా కొనడానికి అనుమతి అడగవలసి రావడం కూడా ఆయనకు చిన్నతనంగానే ఉండి ఉంటుంది. ధరల ప్రస్తావన లేకుండా ఒక సాయంత్రం ఆయనతో కూర్చుని, "ఆ రోజుల్లో నాకు చాలా భయం వేసింది, ఆ భయం ఇంకా పోలేదు" అని చెప్పి చూడండి. నాలుగేళ్లుగా మీరు కూపన్ల గురించి చెబుతున్నారు గానీ ఈ మాట చెప్పి ఉండరని నా అనుమానం. అత్యవసరానికి ఎన్ని నెలల ఖర్చు పక్కన ఉంటే మీకు నిద్ర పడుతుందో ఇద్దరూ కలిసి ఒక అంకె అనుకుని, జీతం రాగానే అందులో కొంత ఆ ఖాతాకు వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. మీరు కూపన్లలో వెతుకుతున్న భద్రత అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. అప్పటి మీ కష్టానికి ఆయన నుంచి ఒక మంచి మాట కావాలనిపిస్తే మొహమాటపడకుండా అడగండి, అడిగి పుచ్చుకున్నంత మాత్రాన దాని విలువ తగ్గదు.

ఇలా కొన్నాళ్లు ప్రయత్నించినా, ధర పోల్చకుండా కొన్నప్పుడల్లా గుండె దడ, నిద్ర పట్టకపోవడం వంటివి ఉంటే ఒక మానసిక నిపుణుడిని స్వయంగా కలవండి. ఆర్థికంగా దెబ్బతిన్న తర్వాత చాలామందిలో అలాంటి ఆందోళన మిగిలిపోతుంది, దానికి సాయం ఉంది.

బాబు విషయంలో మాత్రం రెండు వారాలు ఆగవద్దు. వాడు చదువుకునే గంటలో మీ ఫోను వేరే గదిలో పెట్టండి, ఆ రాత్రి ఆగిపోయిన లెక్కను ఈ రోజే వాడి పక్కన కూర్చుని చెప్పండి.