డిశ్చార్జ్ రాశాక రెండు రోజులు ఆపారు... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 79 ఏళ్లు. న్యుమోనియా తగ్గింది, ఇంటికి తీసుకెళ్లొచ్చని డాక్టర్ ఉదయం రౌండ్స్‌లో చెప్పారు. క్యాష్‌లెస్ అప్రూవల్ రాలేదంటూ మరో రెండు రోజులు ఉంచి, ఆ గది అద్దె మా చేతే కట్టించారు. ఇంటికొచ్చి చూస్తే నడుం కింద పుండు. ఇప్పటికి 20 నెలలైంది, ఆయన ఇంకా తేరుకోలేదు. అప్పటి మెసేజ్‌లు పోయాయి. అద్దె తిరిగిస్తాం, సంతకం చేయమంటున్నారు. నిర్బంధించారని పోలీసు కేసు పెడితే దారికొస్తారా?

జవాబు: మీ కేసును తేల్చేది ఒక్క విషయం: ఆఖరి బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీకి ఎన్ని గంటలకు చేరింది?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన 3 గంటల్లో కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. అది దాటితే ఆస్పత్రి వేసే అదనపు ఛార్జీలు కంపెనీవే. డాక్టర్ నోటిమాటతో ఆ 3 గంటలు మొదలు కావు. ఉదయం డిశ్చార్జ్ రాసినా, వాడని మందుల లెక్క తేలలేదని బిల్లింగ్ విభాగం సాయంత్రం దాకా పంపకపోతే ఆ తప్పు ఆస్పత్రిది. కంపెనీ బిల్లుపై ఏదైనా వివరణ (క్వెరీ) అడిగితే, దానికి ఆస్పత్రి జవాబిచ్చిన సమయమూ కావాలి. కాలం ఎక్కువగా కరిగేది అక్కడే. అందుకే వినియోగదారుల కమిషన్‌లో వేసే కేసులో ఆస్పత్రి, కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

మెసేజ్‌లు పోగొట్టుకోవడం మీ అజాగ్రత్తే. 20 నెలలు కదలకపోవడం అంతకన్నా పెద్దది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 కింద గడువు 2 ఏళ్లు. లీగల్ నోటీసు పంపినా, ఆస్పత్రితో మాటలు నడుస్తున్నా ఆ గడువు ఆగదు. మీకు మిగిలింది నాలుగు నెలలే.

పోలీసు కేసు జోలికి వెళ్లొద్దు. అక్రమ నిర్బంధం కావాలంటే బయటికి వెళ్లనీయకుండా అడ్డుకున్నారని రుజువుండాలి. మీరు అప్రూవల్ కోసం ఆగారు, మీ ఉత్తరంలోనే ఆ మాట ఉంది. రేపు అదే మీకు ఎదురు తిరుగుతుంది. 'ఇక ఏ ఫిర్యాదూ లేదు' అన్న కాగితం మీద సంతకం చేశారో, అద్దెతో పాటు పుండు సంగతీ ముగిసిపోతుంది.

ఈ వారమే పూర్తి కేస్ షీట్ కోసం రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలన్నది నిబంధన కాబట్టి ఇంకా దొరుకుతుంది. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటీ చేతిలో పెడితే ఊరుకోకండి. డాక్టర్ నోట్స్, నర్సుల నోట్స్ కావాలి. కంపెనీని క్లెయిమ్ లాగ్ అడగండి, అభ్యర్థన అందిన సమయం, అనుమతి వెళ్లిన సమయం అందులో ఉంటాయి.

పుండు సంగతి విడిగా రుజువు చేయాలి. చేరిన రోజు నర్సింగ్ అసెస్‌మెంట్‌లో చర్మం బాగుందని రాసి ఉందా? మంచాన ఉన్న వృద్ధుణ్ణి సాధారణంగా 2 గంటలకోసారి పక్క మార్చాలి. పక్క మార్చినట్టు నర్సులు రాసే చార్టు ఆ రెండు రోజులకు ఖాళీగా ఉంటే మీకు బలం. ఇంటికొచ్చాక చూసిన డాక్టర్ చీటీ, తేదీ ఉన్న ఫొటోలు జత చేయండి. ఇవేవీ లేకపోతే అద్దె వరకే అడగండి. నిలబడని ఆరోపణ నిలబడే దాన్నీ పలచన చేస్తుంది.

మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. మొదటి ఫిర్యాదుదారుగా నాన్నగారి పేరే పెట్టండి. ఆయన రాలేకపోతే మీకు అధికారపత్రం రాయించి సంతకమో వేలిముద్రో తీసుకోండి.