ఆర్ట్ పేపర్ మీద వేస్తే ఫొటో బాగుపడుతుందా?

ప్రశ్న: పాత విద్యార్థులం కలిసి ఒక పుస్తకం వేస్తున్నాం. సగం వ్యాసాలు, సగం పాత ఫొటోలు. మామూలు కాగితం మీద నమూనా తీయిస్తే ఫొటోలన్నీ చప్పగా, నల్లగా వచ్చాయి. పుస్తకం మొత్తం ఆర్ట్ పేపర్ (పూత పూసిన నున్నటి కాగితం) మీదే వేసేద్దామని మావాళ్లు పట్టుబడుతున్నారు. వేయొచ్చా? అందులో గ్లాస్ (మెరిసేది) మంచిదా, మ్యాట్ (మెరవనిది) మంచిదా?

జవాబు: ఫొటోల వరకూ మీవాళ్ల మాట నిజమే, పుస్తకం మొత్తం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

అచ్చులో ఫొటో అంటే సన్న సన్న చుక్కల గుంపు. మామూలు కాగితం పైన అంతా పీచే కాబట్టి ఇంకు ఆ సందుల్లోకి దిగిపోతుంది, పక్కలకీ పాకుతుంది, చుక్క ఉబ్బుతుంది. ప్రెస్‌వాళ్లు దీన్నే డాట్ గెయిన్ అంటారు. నీడ ఉన్నచోట చుక్కలు ఒకదానికొకటి అంటుకుపోయి జుట్టూ, నల్లకోటూ అన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి. ఆర్ట్ పేపర్ మీద కాల్షియం కార్బొనేట్ పొడి గానీ, కేవోలిన్ అనే తెల్లమట్టి గానీ జిగురుతో కలిపి పూస్తారు, గోడకి లప్పం పెట్టినట్టు. తర్వాత రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే నునుపూ మెరుపూ వస్తాయి. ఇంకులోని నూనె మాత్రమే పూతలోకి ఇంకి, రంగు పైనే నిలబడిపోతుంది కాబట్టి చుక్క చుక్కలాగే ఉంటుంది. న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికల కాగితం) మీద అంగుళానికి 85 నుంచి 100 గీతల, అంటే చుక్కల వరసల, స్క్రీన్‌తో సరిపెట్టుకోవాల్సిన ఫొటోని దీనిమీద 150, 175 దాకా తేలిగ్గా వేయొచ్చు.

అయితే ఒకటి చూసుకోండి. ఫోన్లో పదిమంది చేతులు మారి వచ్చిన చిన్న ఫొటోని ఏ కాగితమూ కాపాడలేదు, పైగా ఆర్ట్ పేపర్ మీద దాని లోపాలు ఇంకా బాగా కనిపిస్తాయి! అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండేలా అసలు ఫొటోలనే మళ్లీ స్కాన్ చేయించండి.

వ్యాసాల సంగతికొస్తే, గ్లాస్ కాగితం మీద దీపం వెలుగు కళ్లలోకి కొడుతుంటే నాలుగు పేజీలు చదవడమే కష్టం. బరువు కూడా ఉంది. పూతలో ఉండేది ఖనిజం, పైగా నొక్కేసిన కాగితం, అందుకే 130 జీఎస్ఎం (చదరపు మీటరుకి 130 గ్రాములు) గ్లాస్ చేతికి దాదాపు 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితమంత మందమే అనిపిస్తుంది గానీ తూకంలో ఒకటిన్నర రెట్లకు పైనే. ఫొటోలన్నీ ఒకటి రెండు ఫారాల్లోకి (ఒకే పెద్ద షీటు మీద అచ్చయ్యే పేజీల కట్టల్లోకి) చేర్చి వాటికే ఆర్ట్ పేపర్ వాడండి, మిగతాది మ్యాప్‌లితో అనే పూత లేని కాగితం మీద వేయండి. ఫొటో, వ్యాసం ఒకే పేజీలో ఉండాల్సిందే అంటే మ్యాట్ ఆర్ట్ తీసుకోండి. మ్యాట్ అంటే పూత లేని కాగితమని చాలామంది అనుకుంటారు, కాదు, దానికీ పూత ఉంటుంది, మెరుపే ఉండదు. పాత నలుపు తెలుపు ఫొటోలకి నా ఓటు దానికే.

ప్రశ్న: మా బ్రోషర్ మ్యాట్ కాగితం మీద ముదురు నీలం రంగుతో వేయించాం. గోరు తగిలితే గీత పడుతోంది, మడత దగ్గర తెల్లగా పగిలింది. కాగితం నాసిరకమా?

జవాబు: కాకపోవచ్చు. మ్యాట్ పూత పైకి నున్నగానే ఉన్నా సూక్ష్మంగా చూస్తే గరుకే, ముదురు రంగు నిండుగా పరిస్తే రాపిడికి ఇంకు లేచొస్తుంది. వార్నిష్ గానీ లామినేషన్ గానీ చేయించాల్సింది, డెలివరీ కోసం తొందరపెట్టి సరిగా ఆరకముందే మడతపెట్టించినా ఇదే గతి. ఇక పగలడం అంటారా, పూత పీచులా వంగదు. మందం కాగితానికి ముందు క్రీజింగ్ చేసి, అంటే మడత చోట గాడిలా నొక్కి, ఆ తర్వాతే మడవాలి, మడత కూడా కాగితం గ్రెయిన్ (పీచు సాగే దిశ) వెంబడే రావాలి, అడ్డంగా వస్తే పగుళ్లు ఎక్కువ. ఈ రెండూ ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, అచ్చయ్యాక ప్రెస్‌వాళ్లతో గొడవపడితే లాభం లేదు.

ప్రశ్న: ప్రెస్‌లో మిగిలిన ఆర్ట్ పేపర్‌ని ఇంట్లో ఇంక్‌జెట్‌లో పెడితే ఇంకు ఆరడమే లేదు.

జవాబు: ఆరదు. ఆ పూత ప్రెస్‌లోని ఆఫ్‌సెట్ మెషిన్లలో వాడే నూనె ఇంకుకోసం చేసింది, మీ ప్రింటర్‌ది నీళ్ల ఇంకు. ఇంక్‌జెట్ కోసమని ప్యాకెట్ మీద రాసున్న ఫొటో పేపరే కొనండి. మిగిలినవి లేజర్‌లో పెడదామనుకుంటున్నారేమో, అది కూడా ప్యాకెట్ చూశాకే, వేడికి పూత పొక్కులు లేవొచ్చు.

ప్రశ్న: వర్షానికి ఆర్ట్ పేపర్ మీద అచ్చయిన బొమ్మల పుస్తకం తడిసింది. ఎండలో పెట్టనా?

జవాబు: అలాగే మూసి ఎండబెడితే పూతలోని జిగురు పేజీలన్నిటినీ కలిపి ఒకే అట్టలా చేసేస్తుంది, తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం. తడి ఉండగానే జాగ్రత్తగా పేజీలు విడదీసి, మధ్యలో బటర్ పేపర్ పెడుతూ, అది తడిసినప్పుడల్లా మారుస్తూ ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. ఇప్పుడు తీరిక లేదంటే కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి, గ్రంథాలయాల్లో కూడా తడిసిన పుస్తకాలకి ఇదే చేస్తారు.